చదరంగం గళ్లలో పుట్టిన ఇరవై అంకెల సంఖ్య

కూకట్‌పల్లిలో జేఎన్‌టీయూ ఉంది. పక్కనే కేపీహెచ్‌బీ కాలనీ నిండా హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు. ఇక్కడ సీ లాంగ్వేజ్ నేర్చుకునే కుర్రాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు 18446744073709551615 అనే సంఖ్య ఎదురవుతుంది. 64 బిట్ల ‘అన్‌సైన్డ్’ పూర్ణాంకం ఇంతకు మించి పట్టదు. మరో ఒకటి కలిపితే మళ్లీ సున్నాకు వచ్చేస్తుంది. అయితే ఈ సంఖ్య కంప్యూటర్‌తో పుట్టింది కాదు. వందల ఏళ్లుగా తెలుగు పద్యంలో ఉన్నదే.

చదరంగం కనిపెట్టినవాణ్ని ఏం కావాలో కోరుకోమన్నాడట రాజు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గళ్లకూ రెట్టిస్తూ ఇమ్మన్నాడట అతను. రెండు గళ్ల మొత్తం 3, మూడు గళ్లది 7, నాలుగు గళ్లది 15. ఎక్కడ ఆగినా, తర్వాతి గడిలో పెట్టాల్సిన గింజలకు ఒకటే తక్కువ. కాబట్టి 64 రెండ్లను హెచ్చవేసి ఒకటి తీసేస్తే మొత్తం లెక్క తేలుతుంది. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ ఈ మొత్తాన్ని కట్టి చూపాడు.

తెలుగులో ఈ లెక్క చెప్పే పద్యం పావులూరి మల్లన పేరుతో వాడుకలో ఉంది. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేసిన కవి ఆయన. ఆ పద్యంలో అంకెలుండవు, వాటికి గుర్తులైన మాటలుంటాయి. బాణమంటే 5, వేదమంటే 4, ఆకాశమంటే 0. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు రాసుకుంటూ పోవాలి. వరసలో చివరికి ఏనుగు, ఆ తర్వాత చంద్రుడు వస్తారు. దిగ్గజాలు ఎనిమిది, చంద్రుడు ఒక్కడే. రాసి చూస్తే సంఖ్య 18తో మొదలవుతుంది.

కంప్యూటర్ లోపలా ఇదే లెక్క. బిట్ల విలువలు 1, 2, 4, 8... అచ్చం చదరంగం గళ్ల వరసే. 64 బిట్లలోనూ 1 ఉంటే వచ్చేది ఈ సంఖ్యే.

దీని కారణాంకాలు తెలుసుకోవడానికి పదో తరగతి బీజగణితం చాలు. రెండు వర్గాల భేదాన్ని మొత్తం, భేదాల లబ్ధంగా విడగొట్టే సూత్రాన్ని ఆరుసార్లు వాడితే 3, 5, 17, 257, 65537, 4294967297 వస్తాయి. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు. ఆరోదీ ప్రధాన సంఖ్యేనని 17వ శతాబ్దంలో ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641, 6700417ల లబ్ధంగా విడగొట్టాడు. అలా మన గింజల లెక్కలో ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, 128 భాజకాలు ఉన్నాయని తేలింది.

బైనరీ పాఠం చెప్పే రోజున ఈ పద్యాన్నీ బోర్డు మీద రాసి, పిల్లల చేత అంకెలు కట్టించాలి. తెలుగు మీడియంలో చదివి ఇంజినీరింగ్‌కు వచ్చినవాళ్లకు ఈ లెక్కలు పరాయివి కావని చెప్పడానికి ఇంతకన్నా గట్టి రుజువు అక్కర్లేదు.