ల్యాప్ స్టీల్ గిటార్‌పై జాజ్ స్టాండర్డ్స్

ల్యాప్ స్టీల్ అంటే ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని వాయించే గిటార్. ఎడమచేతి వేళ్లు తీగల్ని నొక్కవు. నున్నటి ఉక్కు కడ్డీని తీగల మీద ఆనించి జరుపుతాయి. కుడిచేతి బొటనవేలికి, మరో రెండు వేళ్లకు తొడుగులు వేసుకుని మీటుతారు. తీగలు బాగా ఎత్తులో ఉంటాయి కనుక మెట్లతో పని లేదు. మెట్లలా కనిపించేవి చాలా వాద్యాల్లో ఒట్టి గీతలే. కడ్డీ సరిగ్గా గీత మీద లేకపోతే శ్రుతి తప్పుతుంది; చెవి చెప్పిందే లెక్క. మన గోటువాద్యం విన్నవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

జాజ్ స్టాండర్డ్స్ అనేవి జాజ్ వాద్యకారులందరికీ కంఠతా ఉండే పాటలు. వీటిలో పెద్ద భాగం 1920ల నుంచి 1950ల దాకా బ్రాడ్‌వే నాటకాలకు, హాలీవుడ్ సినిమాలకు రాసినవి. చాలా పాటలు 32 ఆవర్తాలలో ముగుస్తాయి. పాట వరస ఒకసారి వినిపించి, తర్వాత అదే కార్డుల (కలిపి పలికే స్వరాల గుంపుల) క్రమం మీద మనోధర్మంతో వాయిస్తారు. ఈ కార్డులు వెంటవెంటనే మారిపోతుంటాయి. చిక్కంతా ఇక్కడే. మామూలు గిటార్‌ మీద నాలుగు వేళ్లు నాలుగు చోట్ల పెట్టి ఏ కార్డునైనా పట్టవచ్చు. ఇక్కడున్నది ఒకే కడ్డీ. అది ఒక సరళరేఖ. ఆ రేఖ మీద పడే స్వరాలే దొరుకుతాయి.

అందుకే తీగల్ని ఎలా శ్రుతి చేశామన్నది ఈ వాద్యంలో సగం సంగీతం. జాజ్‌కు ఎక్కువమంది ఎంచుకునేది సి సిక్స్త్ అనే శ్రుతి. మంద్రం నుంచి తారానికి ఆరు తీగలూ వరసగా సి, ఇ, జి, ఎ, సి, ఇ. తీగల అంకెలు మాత్రం తారం వైపు నుంచి లెక్కిస్తారు; చివరి ఇ మొదటి తీగ. సి షడ్జమం అనుకుంటే ఇవి మోహనంలో రిషభం తీసేస్తే మిగిలే స్వరాలు. ఈ నాలుగు స్వరాలే సి సిక్స్త్ కార్డు. ఎ నుంచి లెక్కిస్తే ఎ మైనర్ సెవెన్త్. బేస్ వాద్యకారుడు కింద ఎఫ్ పలికిస్తే ఎఫ్ మేజర్ నైన్త్. కడ్డీని నేరుగా ఉంచితేనే మూడు కార్డులు వచ్చేశాయి. రానిది డామినెంట్ సెవెన్త్. స్టాండర్డ్స్‌లో అది లేని పాట అరుదు.

దానికి విరుగుడు కడ్డీని ఏటవాలుగా పట్టడం. జాజ్‌లో అడుగడుగునా వచ్చే రెండు–ఐదు–ఒకటి నడకను (స్కేలులో రెండో, అయిదో, మొదటి స్వరాల మీద కట్టే కార్డుల వరసను) సి మేజర్‌లో చూద్దాం. కడ్డీని అయిదో గీత మీద నేరుగా పెట్టి రెండో తీగ, నాలుగో తీగ మీటితే ఎఫ్, సి పలుకుతాయి. డి మైనర్ సెవెన్త్‌కు ఇవి మూడో, ఏడో స్వరాలు. ఇప్పుడు కడ్డీ కొసను అయిదో గీత మీదే ఉంచి, మన ఒంటి వైపున్న చివరను ఒక గీత వెనక్కి లాగాలి. రెండో తీగ ఎఫ్ మీదే నిలుస్తుంది, నాలుగో తీగ సి నుంచి బికి దిగుతుంది. జి సెవెన్త్ అనే డామినెంట్ సెవెన్త్ వచ్చింది. ఆపైన కొసను కూడా నాలుగో గీతకు దించితే ఇ, బి: సి మేజర్ సెవెన్త్. మధ్యలోని మూడో తీగను మాత్రం మీటకూడదు. మూల స్వరం బేస్ వాయించేవాడి పని. ఎఫ్, బి జంట డి ఫ్లాట్ సెవెన్త్‌కు కూడా సరిపోతుంది కనుక, ఒక కార్డు బదులు మరొకటి వేసే జాజ్ అలవాటుకు అడ్డేమీ ఉండదు.

“ఆటమ్ లీవ్స్” పాటను జి మైనర్‌లో ఎత్తుకుంటే మొదటి మూడు కార్డులూ ఇదే కదలిక, కాకపోతే రెండు గీతలు కిందికి. ఆరు స్వరాల నిండైన కార్డు వినిపించలేకపోవడం లోటని కొందరంటారు. నిజానికి మూడో, ఏడో స్వరాల్లోనే కార్డు గుణమంతా ఉంది. పియానో వాయించేవారు ఏళ్ల తరబడి సాధన చేసి వదిలించుకునే అదనపు స్వరాల్ని ఈ వాద్యం మొదటి రోజే వదిలిస్తుంది.

నెమ్మదైన పాటలు దీని మీద బాగా నిలుస్తాయి. 1939 నాటి “ఓవర్ ద రెయిన్‌బో”లో మొదటి రెండు స్వరాల మధ్య ఒక స్థాయి దూరం. అదే గీత మీద ఆరో తీగ నుంచి రెండో తీగకు దూకవచ్చు, లేదా ఒకే తీగ మీద పన్నెండు గీతలు జారవచ్చు. రెండోది అందమే గానీ పాటంతా జారుతూ పోతే వెగటు పుడుతుంది. జారును దాచుకోవడానికే ఎక్కువ సాధన కావాలి: కడ్డీ వెనకున్న వేళ్లతో, కుడి అరచేతితో తీగల్ని ఆపుతూ ఒక్కో స్వరాన్ని విడదీయాలి. బీబాప్ అనే వేగవంతమైన జాజ్ శైలి దగ్గర ఈ పద్ధతికి ఊపిరి ఆడదు.

తీగల మీద ఉక్కు కడ్డీ జరిపి వాయించే పద్ధతికి ఆద్యుడిగా చెప్పుకునేది హవాయి దీవుల జోసెఫ్ కెకుకును. అమెరికా అంతటా ఇది పాకింది 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన తర్వాత. హోనొలులులో పుట్టిన సోల్ హూపీయి 1920లలోనే జాజ్ పాటల్ని దీని మీద రికార్డు చేశాడు. అప్పటి ఆయన వాద్యానికి కరెంటు లేదు, ధ్వనిని పెంచడానికి లోపల లోహపు రెజొనేటర్లు ఉండేవి. 1932లో జార్జ్ బోషాంప్ రూపొందించిన ఎలక్ట్రిక్ ల్యాప్ స్టీల్ “ఫ్రయింగ్ పాన్” అమ్మకానికి వచ్చింది. అయస్కాంతపు పికప్‌తో పనిచేసే ఎలక్ట్రిక్ గిటార్లకు అదే నాంది. పోత అల్యూమినియం కావడంతో స్టేజీ దీపాల వేడికి సాగి శ్రుతి మారేది. తర్వాత దాని తయారీ సంస్థ రికెన్‌బ్యాకర్ బేకలైట్‌కు మారింది. తీగల్ని పైనుంచి చుట్టే గుర్రపునాడా అయస్కాంతాలున్న ఆ బేకలైట్ వాద్యాల కోసమే పాత సరుకు ప్రియులు ఇప్పటికీ వెతుకుతారు. తీగ పొడవు 22.5 అంగుళాలే కనుక గీతలు దగ్గరగా ఉండి, కడ్డీని ఏటవాలు చేయడం సులువు.

1935 జనవరిలో టెక్సాస్ బృందం మ్యూజికల్ బ్రౌనీస్‌తో బాబ్ డన్ చేసిన రికార్డుల్లో స్టీల్ గిటార్ ట్రాంబోన్‌లా విరుపులతో పలుకుతుంది. 1939లో ఆండీ కర్క్ బృందంలో ఫ్లాయిడ్ స్మిత్ వాయించిన “ఫ్లాయిడ్స్ గిటార్ బ్లూస్” నల్లజాతి జాజ్ బృందాల్లో ఈ వాద్యానికి దక్కిన అరుదైన చోటు. 1950లలో పెడల్ స్టీల్ వ్యాపించాక, వాయిస్తుండగానే కాలితో తీగల శ్రుతి మార్చే వీలు దొరికి, ఏటవాలు కడ్డీ అవసరం తగ్గింది. బడ్డీ ఎమన్స్ 1963లో న్యూయార్క్ జాజ్ వాద్యకారులతో చేసిన “స్టీల్ గిటార్ జాజ్” ఆ పెడల్ వాద్యం మీదిదే.