టెన్నిస్ కోర్టులో స్థానికత ప్రశ్న

2014 జూలై ఆఖరులో ఒక సాయంత్రం బ్రాడీపేటలోని మా యింటికి నా పాత విద్యార్థి ఒకడు వచ్చాడు. వాళ్ళ తాతది సత్తెనపల్లి వైపు పల్లె. తండ్రి 1980లలో పత్తిచేను కౌలు గిట్టక హైదరాబాదు వెళ్ళి, ఒక చిన్న కర్మాగారంలో ఫిట్టరుగా కుదురుకున్నాడు. కుర్రవాడు పుట్టింది అక్కడే. ఇంటర్మీడియట్ రెండేళ్ళు మాత్రం అమ్మమ్మగారింట వుండి గుంటూరులో చదివాడు. ఆ విధంగా నాకు శిష్యుడు. కూర్చోమంటే కూర్చోలేదు. “మాష్టారూ, మా తాత 1956కి ముందే తెలంగాణలో వున్నట్టు కాగితం చూపించాలటండీ. ఆ రోజుల్లో మా తాత నరసరావుపేట దాటి ఎరగడు” అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు వెనక నాలుగేళ్ళ ఇంజనీరింగు చదువు ఫీజు వున్నది.

అంతకు కొద్ది రోజుల ముందే, జూలై 22న, కొత్త తెలంగాణ ప్రభుత్వం టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జాను తన ప్రచార ప్రతినిధిగా, పత్రికల మాటలో బ్రాండ్ అంబాసిడర్‌గా, ప్రకటించింది. ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ఆమెకు కోటి రూపాయల చెక్కు అందించారు. వెంటనే రాష్ట్ర శాసనసభలో భారతీయ జనతా పార్టీ పక్షనాయకుడు కె. లక్ష్మణ్ అభ్యంతరం లేవదీశారు. ఆమె పుట్టింది మహారాష్ట్రలో గనక స్థానికురాలు కాదనీ, పైగా పాకిస్తాన్ కోడలనీ ఆ అభ్యంతరం సారాంశం.

ఫిట్టరు కొడుకును, ప్రపంచమెరిగిన క్రీడాకారిణిని ఒకే నెలలో ఒకే ప్రశ్న అడిగారు: నీవు ఎక్కడిదానవు, నీ తాత ఎక్కడివాడు? అడిగినవారు మాత్రం వేరు. క్రీడాకారిణిని అడిగింది ప్రతిపక్షం. కుర్రవాణ్ణి అడిగింది ఆమెను నెత్తిన పెట్టుకున్న ప్రభుత్వమే. ఈ వైచిత్రిని అర్థం చేసుకోవాలంటే రెండు చరిత్రలు కలిపి చదవాలి. ఒకటి విడిపోవడాల చరిత్ర. రెండోది టెన్నిస్ ఆటను వృత్తిగా చేసుకున్నవారి చరిత్ర.

మొదట విడిపోవడం సంగతి. కలిసి వుండడమే ధర్మం, విడిపోవడం ద్రోహం అని 2013లో మా గుంటూరు వీధుల్లో వారాల తరబడి నినాదాలు విన్నాం. బళ్ళు మూతబడ్డాయి, ఆఫీసులు మూతబడ్డాయి. కాని ఆ నినాదాలిచ్చిన మనమే విడిపోయినవారి వారసులం. మద్రాసు నుంచి వేరుపడాలన్న కోరికకు రూపమిచ్చిన మొదటి ఆంధ్ర మహాసభ 1913లో జరిగింది అప్పట్లో మన జిల్లాలో వున్న బాపట్లలోనే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలుకు పోతే హైకోర్టు 1954లో గుంటూరుకు వచ్చింది. 1956 నవంబరు 1న తెలంగాణతో కలిశాం. 1969లో తెలంగాణ విద్యార్థులు విడిపోతామన్నారు. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగానే, ఈసారి కోస్తా విద్యార్థులే ‘జై ఆంధ్ర’ అని వీధికెక్కారు. 1972లో వేర్పాటు కోరిన వూరే 2013లో సమైక్యత కోరింది. వామపక్షం కూడా ఒక్క మాట మీద లేదు. ఒక కమ్యూనిస్టు పార్టీ తెలంగాణను సమర్థించింది, ఇంకొకటి భాషాప్రయుక్త రాష్ట్ర సూత్రం మీద నిలబడి వ్యతిరేకించింది. చివరకు 2014 జూన్ 2న తెలంగాణ వేరయింది.

అందుచేత కలయిక పవిత్రమూ కాదు, వేర్పాటు పాపమూ కాదు. ప్రజలు కూడబలుక్కుని కలిసే హక్కు వున్నట్టే విడిపోయే హక్కూ వున్నది. దానిని నేను ప్రశ్నించడం లేదు. విడిపోయిన మరునాడు ఆ గీతకు అటూ యిటూ మిగిలిపోయిన మనిషిని ఏమని పిలుస్తాం అన్నదే నా ప్రశ్న.

ఇక టెన్నిస్ సంగతి. 1968 వరకు పెద్ద పోటీలన్నీ డబ్బు పుచ్చుకోని ఔత్సాహికులకే. డబ్బు తీసుకుని ఆడేవారికి వింబుల్డన్ గేటు మూసివుండేది. చేతిలో ఆస్తి వున్నవాడు ‘పెద్దమనిషి’, ఆటతో పొట్టపోసుకునేవాడు తక్కువవాడు. 1968లో ఆ గేటు తెరిచారు. 1973లో స్త్రీలు బిల్లీ జీన్ కింగ్ నాయకత్వాన తమ సొంత సంఘం పెట్టుకున్నారు. అప్పటి నుంచి టెన్నిస్ ఆడే మనిషి వారం వారం దేశం మారుతూ, తన ఖర్చు తానే పెట్టుకుని, గెలిస్తే తిని ఓడితే అప్పుపడే ఒంటరి వృత్తిదారు. జతగాడు ఏ దేశంవాడైనా కావచ్చు.

ఇంత సరిహద్దులు లేని వృత్తిలో జెండాకు చోటెక్కడ? అక్కడే వున్నది. 1900లో డేవిస్ కప్పు, 1963లో స్త్రీల ఫెడరేషన్ కప్పు, 1988లో మళ్ళీ ఒలింపిక్స్. ఏడాదిలో ఎక్కువ భాగం ఆటగాడు తన కోసం ఆడతాడు, కొద్ది వారాలు మాత్రం రాజ్యం అతణ్ణి తనవాడంటుంది. ఆటలోకి రాజకీయం రాకూడదని కొందరు అంటారు. 1974లో భారత జట్టు డేవిస్ కప్పు ఫైనల్‌లో వర్ణవివక్ష పాటించే దక్షిణాఫ్రికాతో ఆడనని కప్పునే వదులుకున్నది. అది రాజకీయమే, గర్వించదగిన రాజకీయం. కాబట్టి రాజకీయం వచ్చిందా లేదా అన్నది కాదు, ఏ రాజకీయం వచ్చిందన్నది చూడాలి.

దేశాలు చీలిన చోట ఇది మరీ స్పష్టం. 1991 జూన్ 25న క్రొయేషియా యుగోస్లావియా నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది. ఆ ఏడు యుగోస్లావియా జట్టు డేవిస్ కప్పు సెమీఫైనల్ దాకా వచ్చింది. సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని పో పట్టణంలో ఆట. అప్పటికి యుద్ధం మొదలయింది. జట్టుకు వెన్నెముకలైన క్రొయేషియా ఆటగాళ్ళు గొరాన్ ఇవానిసెవిచ్, గొరాన్ ప్రపిచ్ రాలేదు. మిగిలినవారు 5–0తో ఓడారు. మరుసటి ఏడు బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఇవానిసెవిచ్ కొత్త దేశపు జెండా పట్టుకుని నడిచాడు, సింగిల్స్‌లోనూ, ప్రపిచ్‌తో కలిసి డబుల్స్‌లోనూ కాంస్యాలు తెచ్చాడు. అదే ఒలింపిక్స్‌లో ఐక్యరాజ్యసమితి ఆంక్షల మూలంగా సెర్బియా ఆటగాళ్ళు దేశం పేరు లేకుండా వ్యక్తులుగా ఆడారు. చిన్న జాతి తన పేరు ప్రపంచపు పలకపై రాసుకున్నప్పటి సంతోషాన్ని మనం తక్కువ చేయనక్కరలేదు. 1953లో మనమూ ఆ సంతోషం ఎరుగుదుం. కాని ఆ జెండా కిందనే క్రొయేషియాలో తరాలుగా కాపురమున్న సెర్బులు పరాయివారయ్యారు. 1995లో లక్షకు పైగా జనం మూటముల్లె కట్టుకుని పోయారు. ఆటగాడి చేతిలోని జెండా ఈ రెండో సంగతిని కనబడనివ్వదు.

సోవియట్ యూనియన్ కథ మనబోటి వారికి మరింత చేదుగా వుంటుంది గనక దాటవేయకూడదు. మిన్స్క్ అమ్మాయి నతాషా జ్వెరేవా 1988లో ఫ్రెంచి పోటీ ఫైనల్ ఆడింది. ఆమె గెలిచిన బహుమతి డబ్బు క్రీడాశాఖకు పోయేది, ఆమెకు దక్కేది స్వల్పమైన ఖర్చుల భత్యం. 1989లో అమెరికాలో టెలివిజన్ ముందే ఆమె తన సంపాదన తనకు కావాలని అన్నది. ఆమెను నేర్పిన మైదానాలూ, శిక్షకులూ ప్రజల సొమ్ముతో వచ్చినవే. అందులో ప్రజలకు వాటా వుండాలనడం న్యాయమే. అయితే ఆ వాటా ఎంతో కష్టపడినవారితో కూర్చుని తేల్చుకోవాలి గాని, అడగకుండా తీసుకోరాదు. శ్రామికుల పేర నడిచే రాజ్యం ఈ చిన్న పాఠం మరచిపోయింది. కలయిక బలహీనపడేది సరిహద్దు దగ్గర కాదు, ఇటువంటి లెక్కల దగ్గర. మా తెలంగాణ మిత్రులు నీళ్ళ గురించి, నియామకాల గురించి దశాబ్దాలుగా అడిగింది కూడా లెక్కలే. 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందంలో రాసిన లెక్కలు. వాటిని ‘ఒకే భాష, ఒకే జాతి’ అన్న మాటతో కొట్టేయడం మన కోస్తా మేధావుల తప్పు.

సోవియట్ యూనియన్ 1991 డిసెంబరులో లేకుండాపోయింది. అయినా బార్సిలోనాలో జ్వెరేవా, జార్జియాకు చెందిన లైలా మెస్కి ఒక జంటగా, ఉమ్మడి జట్టు పేర ఆడి డబుల్స్‌లో కాంస్యం గెలుచుకున్నారు. రాజ్యం పోయిన తర్వాత కూడా కలిసి ఆడే అలవాటు కొంతకాలం మిగిలివుంటుందన్న మాట.

ఇప్పుడు హైదరాబాదుకు వద్దాం. సానియా మీర్జా 1986లో బొంబాయిలో పుట్టి, కొద్ది వారాల బిడ్డగా హైదరాబాదు చేరింది. ఆట నేర్చుకున్నది అక్కడే. 2005లో అక్కడే భారత స్త్రీలలో మొదటిసారిగా డబ్ల్యు.టి.ఏ. సింగిల్స్ పోటీ గెలిచింది. 2010లో పాకిస్తాన్ క్రికెటరు షోయబ్ మాలిక్‌ను పెళ్ళాడింది. ఆమె మీద వచ్చిన విమర్శల్లో రెండు రకాలున్నాయి. రైతుల ఆత్మహత్యలు జరుగుతున్న రాష్ట్రంలో, సంపన్నురాలైన క్రీడాకారిణికి ప్రచారం కోసం కోటి రూపాయలెందుకన్నది మొదటిది. ఇది ప్రజాతంత్ర విమర్శ, నేనూ చేస్తాను. కొత్త రాష్ట్రం పుట్టగానే తనను పెట్టుబడిదారుల ముందు సరుకులాగా పెట్టుకోవలసి రావడమే మన కాలపు విషాదం. ఎక్కడ పుట్టావు, ఎవరిని పెళ్ళాడావు అన్నది రెండోది. అది ఆమె ఆడదైనందుకు, ముస్లిమైనందుకు వేసిన ప్రశ్న. మగ ఆటగాడి అత్తవారి వూరు ఎవరూ అడగరు.

ఆమె ఒక ప్రకటనలో జవాబిచ్చింది. తాత 1948లో నిజాం రైల్వేలో ఇంజనీరుగా చేరాడనీ, ముత్తాత నీటిసరఫరా శాఖ ఇంజనీరుగా గండిపేట ఆనకట్ట నిర్మాణంలో పాల్గొన్నాడనీ, ఆయన తండ్రి నిజాం ప్రభుత్వంలో హోం కార్యదర్శిగా 1908 మూసీ వరదల్లో సహాయకార్యక్రమాలు నడిపాడనీ చెప్పుకున్నది. నోటిమీద కొట్టినట్టు జవాబు! మా స్టాఫ్ రూములో కూడా అందరం చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత నా విద్యార్థి వచ్చాడు. అప్పుడు నాకు చప్పట్లు కొట్టిన చేతులు చూసుకోవలసి వచ్చింది.

ఆమెను నేను తప్పుపట్టడం లేదు. ఉక్రోషంలో వున్న మనిషి చేతికందినది విసురుతుంది. కాని ఆమె తరఫున మాట్లాడిన మనం ఏం చేశాం? వంశవృక్షం అడిగినవారికి వంశవృక్షమే చూపించాం. అంటే అడిగే హక్కు వారికున్నదని ఒప్పుకున్నాం. ఆ లెక్కన సానియా మీర్జా ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణురాలు. ముత్తాతలకు పదవులున్నాయి, పేర్లున్నాయి, దస్తావేజులున్నాయి. కౌలు రైతు మనుమడు తప్పాడు. గండిపేట నీళ్ళు వాడి తండ్రీ ముప్పయ్యేళ్ళు తాగాడు, ఆ వూరి కర్మాగారంలో ముప్పయ్యేళ్ళు యినుము అరగదీశాడు. కాని దానికి కాగితం లేదు. స్థానికతను తాతల బట్టి కొలిచే ప్రతి కొలబద్దా చివరకు కాగితాలు దాచుకోగలిగిన వర్గం పక్షమే అవుతుంది. ఇదే ఈ వివాదంలో నాకు కనిపించిన వర్గసత్యం.

ముల్కీ నిబంధనలు నిజాం కాలంలో వచ్చినప్పుడు కూడా పదిహేనేళ్ళ నివాసం అడిగాయి గాని తాతను అడగలేదు. 2014 జూలై ఆఖరున ఫీజుల సహాయానికి పెట్టిన 1956 గీత అంతకన్నా వెనక్కి పోయింది. హైకోర్టు ప్రశ్నించింది, విద్యార్థులు ఆందోళన చేశారు, 2015లో ప్రభుత్వం ఆ ఉత్తర్వును ఉపసంహరించుకున్నది. అది గెలుపే. అయితే ఆ మధ్యకాలంలో కట్టిన వడ్డీలు ఎవరూ తిరిగి యివ్వలేదు.

2014 సెప్టెంబరు 29న దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో ఆసియా క్రీడల మిశ్రమ డబుల్స్ ఫైనల్ జరిగింది. లియాండర్ పేస్, రోహన్ బోపన్న, సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వృత్తి పోటీల కోసం ఆ క్రీడలకు దూరంగా వున్నారు. సానియాకు జోడీగా కృష్ణాజిల్లా వుయ్యూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగిన సాకేత్ మైనేని ఆడాడు. రాష్ట్రం విడిపోయి నాలుగు నెలలు నిండలేదు. ఒకరు తెలంగాణ, ఒకరు ఆంధ్ర. అవతలి జంట చైనీస్ తైపీ. అంటే తమ దేశం పేరు తాము చెప్పుకుని ఆడే వీలు లేనివారు. మనవాళ్ళు 6–4, 6–3తో గెలిచి స్వర్ణం తెచ్చారు. రెండు రాష్ట్రాల పత్రికలూ ఎవరి బిడ్డను వారు పొగుడుకున్నాయి. డబుల్స్ ఆట తెలిసినవారికి తెలుసు, ఇద్దరి మధ్యగా వచ్చిన బంతిని నీదా నాదా అని వాదించుకుంటే పాయింటు పోతుంది.

దీన్ని బట్టి మళ్ళీ కలవాలని నేను చెప్పబోవడం లేదు. ఉమ్మడి రాజధాని పదేళ్ళ గడువు కూడా 2024 జూన్ 2తో ముగిసింది. వేర్వేరు యిళ్ళు నిజం. కలిసి పనిచేయడానికి ఒకే యిల్లు అక్కరలేదన్నదీ నిజమే. మిగిలిన ప్రశ్న మన గడప దగ్గర వున్నది.

ప్రతి శీతకాలం మిరపకోతలకు కర్నూలు వైపు నుంచి కూలీలు పిల్లాజెల్లాతో మన గుంటూరు పల్లెలకు వస్తారు. చేలగట్ల మీద గుడిసెలేసుకుంటారు. వారి పిల్లలు మన బడి కిటికీ బయట నిలబడి లోపలికి చూస్తుంటారు. వారిని రిజిస్టరులో చేర్చమంటే ఏ వూరు, ఏ మండలం, బదిలీ పత్రం ఏదీ అని అడిగే ఉపాధ్యాయులను నేనెరుగుదును. కొన్నేళ్ళ క్రితం వరకు నేనూ అడిగాను. హైదరాబాదులో మనవాడిని అడిగినప్పుడు మనకు కోపం వచ్చిన ప్రశ్నే అది. వచ్చే కోతల నాటికి దానిని మన నోట రానివ్వకుండా వుండడం మన చేతిలో పని. దానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు.