వంటింటి ఐలాండ్ గట్టు

వంటగది మధ్యలో, ఏ గోడకూ ఆనకుండా, చుట్టూ తిరుగుతూ పనిచేసుకునేలా అమర్చే గట్టు. దుకాణాల్లో సిద్ధంగా దొరికే క్యాబినెట్లను కలిపి దీన్ని ఇంటి అవసరానికి తగ్గట్టు తయారుచేసుకోవచ్చు.

నిర్మాణం: అమెరికాలో సిద్ధ క్యాబినెట్ సాధారణంగా 34.5 అంగుళాల ఎత్తు, 24 అంగుళాల లోతు ఉంటుంది. పైపలక వేస్తే ఎత్తు 36 అంగుళాలవుతుంది. క్యాబినెట్లను పక్కపక్కన గానీ, వెనక వైపులు ఆనించి గానీ నిలిపి, మట్టం సరిచూసి స్క్రూలతో బిగిస్తారు. ముందుగా నేలకు చెక్క దిమ్మెలు బిగించి, క్యాబినెట్ అడుగును వాటికి పట్టించాలి. లేకుంటే గట్టు కదులుతుంది. పనిచేసే వైపు కనీసం 42 అంగుళాల దారి వదలడం మేలు. కూర్చుని తినేందుకు పలకను 12 అంగుళాలు ముందుకు పొడిగిస్తే, కింద ఇనుప బ్రాకెట్ల ఆధారం ఇవ్వాలి.

పైపలక: ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తవ్వే బ్లాక్ గెలాక్సీ రాయి ఇందుకు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. వ్యాపారంలో గ్రానైట్ అన్నా, ఇది గాబ్రో వర్గపు శిల. నల్లని రాతిలో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ ఖనిజానివి. 20 మిల్లీమీటర్ల మందం పలక చదరపు మీటరుకు సుమారు 60 కిలోలు తూగుతుంది.

స్థానిక అవసరాలు: క్యాబినెట్ల ఎంపిక ఊరి వాతావరణాన్ని బట్టి ఉండాలి. ఉదాహరణకు, ప్రకాశం జిల్లాలోనే ఉన్న సింగరాయకొండ సముద్రానికి దగ్గర. అక్కడి తేమకు పార్టికల్ బోర్డు క్యాబినెట్లు ఉబ్బిపోతాయి. అందుకే ఐఎస్ 710 ప్రమాణ ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ క్యాబినెట్లు ఎంచుకోవాలి. ఐలాండ్‌పై పొయ్యి పెడితే పోపు ఘాటు లాగేందుకు పైకప్పు నుంచి వేలాడే చిమ్నీ అవసరం. గ్యాస్ గొట్టం నడిచే దారికి అడ్డం రాకూడదు.