నూట నలువది అక్షరముల హద్దు

సెల్‌ఫోను సంక్షిప్త సందేశములో పట్టునవి 1120 బిట్లే. ఇంగ్లీషు అక్షరమునకు 7 బిట్లు. కావున 160 అక్షరములు. 2006లో అమెరికాలో పుట్టిన ట్విట్టరు, పంపువాని పేరునకు 20 విడిచి, మాటకు 140 మిగిల్చినది. హద్దు ఇరుకైనను జనులు విడువలేదు. 2011 మార్చిలో భూకంపమునకు ఫోనులు అందని వేళ జపానులో అనేకులు తమ క్షేమమును అందులోనే తెలిపిరి. 2009లో చైనాలో వెలసిన వైబోకును 2016 వరకు 140యే హద్దుగా ఉండెను. కాని ఆ లిపిలో ఒక్క అక్షరమే తరచు ఒక మాట! 2017లో ట్విట్టరు హద్దును 280కి పెంచినను, చైనా, జపాను, కొరియా లిపులకు పెంచలేదు.

మరి తెలుగు? స్థానమునకు 16 బిట్లు కావున ఫోను సందేశములో 70 స్థానములే. గుణింతమును, వత్తును విడివిడిగా లెక్కకు వచ్చును. 'స్త్రీ' అని వ్రాసి చూడుడు: మన కంటికి ఒక్క అక్షరము, యంత్రమునకు ఆరు.