పనికొచ్చే ఇంగ్లీషు - దాని చరిత్ర

ఇంగ్లండులోనూ మరికొన్ని దేశాలలోనూ విశ్వవిద్యాలయాలలో ఎం.ఏ., ఎం.ఎస్సీ. స్థాయిలో ఒక చిత్రమైన చదువు ఉంది. అది షేక్స్పియరు చదువు కాదు, పూర్తిగా వ్యాకరణమూ కాదు. నర్సుకు, పైలట్‌కు, ఇంజనీరుకు, వకీలుకు, బ్యాంకు గుమాస్తాకు ఎవరి పనికి తగిన ఇంగ్లీషు వారికి ఎలా నేర్పాలో ఉపాధ్యాయులకు నేర్పే చదువు. దానిని 'ఇంగ్లిష్ ఫర్ స్పెసిఫిక్ పర్పసెస్' అనీ, క్లుప్తంగా ఇ.ఎస్.పి. అనీ అంటారు. మనం 'ప్రత్యేక ప్రయోజనాల ఇంగ్లీషు' అనుకుందాం. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, ఇంగ్లీషు పండితుణ్ణి కాను. అయితే హోసూరు ప్రాంతంలో కౌంటరుకు ఈవల ఇంగ్లీషు కాగితాలు, ఆవల తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే జనం, మధ్యలో నేను - ఇలా ఉద్యోగం గడిచింది. అందుచేత ఈ చదువు చరిత్ర నాకు పరాయి సంగతిగా తోచలేదు.

పేరు కొత్తదేగాని పని పాతది. 16వ శతాబ్దంలో ఫ్రాన్సులో మతకలహాల వల్ల ప్రొటెస్టెంట్లు ఎందరో లండను చేరారు. వారు నేతగాళ్ళు, చేతిపనివాళ్ళు. వారి కోసం జాక్ బెలో అనే ఉపాధ్యాయుడు 1586లో సంభాషణల పుస్తకమొకటి వేశాడు. ఒక వరుసలో ఇంగ్లీషు, ఒక వరుసలో ఫ్రెంచి, మూడో వరుసలో ఆ ఇంగ్లీషును ఎలా పలకాలో. అంగడిలో బేరం, దారిలో పలకరింపు, ఇంట్లో భోజనం - పొరుగు రాజ్యంలో బతకడానికి కావలసినంత భాష. సొంత నేల విడిచి వచ్చినవాడికి ముందు కావలసింది కవిత్వం కాదని ఆయనకు తెలుసు.

మన దగ్గర ఇదే పని తలకిందులుగా జరిగింది. 1812లో మద్రాసులో ఎల్లిస్ దొర చొరవతో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల ఏర్పడింది. కుంపిణీ కొలువుకు వచ్చిన కుర్ర దొరలకు తమిళం, తెలుగు మొదలైన భాషలు నేర్పడం దాని పని. శిస్తు వసూలు చేయాలన్నా, ఫిర్యాదు వినాలన్నా రైతు మాట తెలియాలి కదా! సి.పి. బ్రౌను 1817లో మద్రాసు వచ్చి తెలుగు మొదలుపెట్టింది అక్కడే. కచేరీ పనుల్లో వాడే మాటలకు ఆయన 1852లో 'జిల్లా డిక్షనరీ' అని వేరే నిఘంటువే వేశాడు. ఆ రోజుల్లో పనికొచ్చే భాష తెలుగు, నేర్చుకునేవాడు దొర. తరవాతి కాలంలో ఆ తక్కెడ ఏ వైపు మొగ్గిందో మనకందరికీ తెలుసు.

ఇది ఒక శాస్త్రంగా రూపు దిద్దుకున్నది 1960ల నుంచి. 1962లో సి.ఎల్. బార్బర్ శాస్త్ర గ్రంథాలలోని ఇంగ్లీషును తీసుకుని, ఏ క్రియారూపాలు ఎన్నిసార్లు వస్తున్నాయో లెక్కపెట్టాడు. బడిలో నెలల తరబడి బట్టీ పట్టించే కొన్ని రూపాలు అక్కడ అరుదుగా కనిపించాయి. సాధారణ వర్తమానం, కర్మణి ప్రయోగం మాత్రం అడుగడుగునా ఉన్నాయి. 1964లో హాలిడే, మాకింటాష్, స్ట్రెవెన్స్ అనే ముగ్గురు తమ పుస్తకంలో, పోలీసులకు, నర్సులకు, వ్యవసాయ నిపుణులకు, ఇంజనీర్లకు కావలసిన ఇంగ్లీషును వారు పనిచేసేచోటనే పరిశీలించాలని వాదించారు.

1973లో చమురు ధరలు పెరిగాక గల్ఫు దేశాలకు డబ్బూ, పాశ్చాత్య నిపుణులూ వరదగా వెళ్ళారు. వారితో పాటు ఇంగ్లీషు అవసరమూ వెళ్ళింది. ఈ శాస్త్రానికి మూలపురుషులలో ఒకడైన జాన్ స్వేల్స్ లిబియాలోనూ, సూడాన్‌లోని ఖార్టూంలోనూ పాఠాలు చెప్పి, 1978లో బర్మింగ్‌హాంలోని ఆస్టన్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. ఉపాధ్యాయులకు ఈ విషయంలో ఎం.ఎస్సీ. పట్టా ఇచ్చిన చోట్లలో ఆస్టన్ ఒకటి. 1980లో అమెరికాలో దీనికంటూ ఒక పత్రిక కూడా మొదలైంది.

ఈ చదువులో ఏం చెబుతారు? మొదటిది అవసరాల పరిశీలన: నేర్చుకునేవాడు ఎవరితో, ఎక్కడ, దేనికోసం ఇంగ్లీషు వాడతాడో కనుక్కోవడం. 1978లో జాన్ మన్బీ దీనికి పెద్ద పట్టికలే తయారుచేశాడు. స్పెయిన్‌లో హోటలు హెడ్ వెయిటరుకు ఏ ఇంగ్లీషు కావాలో కూడా అందులో విడమరిచాడు. రెండవది పాఠ్యక్రమం, పాఠాలు, పరీక్షలు తయారుచేయడం. మూడవది చాలా ఆసక్తికరం. తరగతిలో కూర్చున్న ఇంజనీరుకు ఇంజనీరింగు తెలుసు, పంతులుకు తెలియదు. మరి ఎవరు ఎవరికి గురువు? బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో టిమ్ జాన్స్, టోనీ డడ్లీ-ఎవన్స్ దీనికో మార్గం చూపారు. భాషా పంతులు, సబ్జెక్టు పంతులు ఇద్దరూ ఒకే తరగతిలో కలిసి పాఠం చెప్పేవారు.

మన దేశంలో పుట్టిన విజయ్ భాటియా కూడా ఆస్టన్‌లోనే పరిశోధన చేశాడు. 1993లో వచ్చిన ఆయన పుస్తకంలో ఒక మాట మా బ్యాంకువాళ్ళకు బాగా అర్థమవుతుంది. సరుకు అమ్ముతామంటూ వ్యాపారి రాసే ఉత్తరం, ఉద్యోగం ఇమ్మంటూ నిరుద్యోగి రాసే దరఖాస్తు - రెండింటి నిర్మాణమూ ఒకటేనంటాడు. యోగ్యత చెప్పుకోవడం, ఇవ్వగలిగింది చూపడం, ఆశపెట్టడం, జవాబు కోరడం, మర్యాదగా ముగించడం. ఒకరు సబ్బు అమ్ముతారు, ఒకరు తమను తాము అమ్ముకుంటారు. మాకు బి.కాం.లో వాణిజ్య లేఖలని పాఠం ఉండేది. 'డియర్ సర్' ఎక్కడ రాయాలో, 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' ఎక్కడ రాయాలో చెప్పారు. ఉత్తరం ఎందుకు రాస్తామో ఎవరూ చెప్పలేదు.

మన దక్షిణాదికీ ఇందులో పాలుంది. 1958లో హైదరాబాదులో ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణ కోసం కేంద్ర సంస్థ ఏర్పడింది. అదే తరవాత సీఫెల్‌గా పేరుపడి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. మద్రాసులో అన్నా విశ్వవిద్యాలయం అధ్యాపకులు ఇంజనీరింగు విద్యార్థుల కోసం రాసిన ఇంగ్లీషు వాచకం 1990లో వెలువడింది.

ఇదంతా పండితుల కాలక్షేపం అనుకోకండి. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద ఆకాశంలో సౌదీ విమానం, కజఖ్ విమానం ఢీకొని 349 మంది పోయారు. కజఖ్ విమానం తనకు చెప్పిన ఎత్తుకన్నా కిందికి దిగింది. ఆ సిబ్బంది ఇంగ్లీషు ఏపాటిదన్న ప్రశ్న అప్పుడు గట్టిగా వచ్చింది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2003లో పైలట్లకు, కంట్రోలర్లకు భాషా నిబంధనలు తెచ్చి, 2008 మార్చి నుంచి అమలు పెట్టింది. ఆరు మెట్లలో కనీసం నాలుగో మెట్టు ఎక్కితేనే అర్హత.

అయితే ఈ చదువు లోపలే విమర్శలూ పుట్టాయి. మనిషిని ఒక పనికి బిగించి అంతవరకే భాష నేర్పితే అది శిక్షణ అవుతుందేగాని విద్య అవుతుందా అని విడోసన్ 1983లో చర్చించాడు. సారా బెనెష్ అనే ఆమె మరో అడుగు ముందుకు వేసింది. అవసరాలు అంటున్నారే, ఎవరి అవసరాలు? యజమానివా, నేర్చుకునేవాడివా? అవసరాలతో పాటు హక్కులనూ పరిశీలించండి అంది.

ఈ ప్రశ్న మా బ్యాంకు గడపలోకి తెచ్చి చూస్తాను. నేను హాజరైన ఒక శిక్షణ శిబిరంలో రెండు రోజులు ఇంగ్లీషు ఉత్తరాలు నేర్పారు. తనిఖీ నివేదికకు జవాబు ఎలా రాయాలో చెప్పారు. 'గమనించడమైనది', 'తగు చర్య తీసుకోబడును' అనే ధోరణిలో, ఎవరు చేశారో ఎక్కడా తేలని వాక్యాలు. బార్బర్ లెక్కపెట్టిన కర్మణి ప్రయోగమే, కాకపోతే ఇక్కడ అది శాస్త్రం కోసం కాదు. అది పై ఆఫీసు అవసరం. కౌంటరు అవతలివాడి అవసరం ఏమిటో ఆ రెండు రోజుల్లో ఎవరూ అడగలేదు.

రైతు పక్కన నిలబడి జామీను సంతకం పెట్టేవాడు ఉంటాడు. "ఏముందిలే సార్, సాక్షి సంతకమే కదా" అంటాడు. కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీనుదారుకూ అంతే. ఆ చట్టంలో దానికి 'కో-ఎక్స్‌టెన్సివ్' అని ఒకే మాట. ఆ మాట పలకడం వచ్చిన ఆఫీసరు ఎందరైనా దొరుకుతారు. "వాడు కట్టకపోతే మొత్తం మీ దగ్గరే వసూలు చేస్తారు మామా, మీ పొలం మీదికి వస్తారు" అని తెలుగులో చెప్పగలవాడు కావాలి. కాగితాలు నా భాషలో చదివి వివరించారని వాళ్ళ చేత సంతకం పెట్టించుకుంటాం. ఆ వివరణ ఎంతసేపు జరిగిందో గోడ గడియారానికే తెలుసు.

బ్యాంకు బోర్డులూ, ఫారాలూ మూడు భాషల్లో ఉండాలన్నది నియమం: రాష్ట్ర భాష, హిందీ, ఇంగ్లీషు. హోసూరులో తెలుగువాడి భాష ఆ మూడింటిలోనూ లేదు. బళ్ళారిలో, బరంపురంలో, షోలాపూరులో మనవాళ్ళ స్థితీ అంతే. కాబట్టి సరిహద్దు ఊళ్ళలో పనిచేసే గుమాస్తాకు, నర్సుకు, వకీలుకు ప్రత్యేక ఇంగ్లీషు నేర్పేవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి. వారికి ఇంగ్లీషు రాయడం ఎంత అవసరమో, ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఎదుటివాడి భాషలో విప్పి చెప్పడమూ అంతే అవసరం. పాఠ్యక్రమంలో ఆ రెండవ సగం ఇప్పటికీ ఖాళీయే.

మన పిల్లల్లో ఇంగ్లీషు ఎం.ఏ. చదువుతున్నవారు ఉన్నారు. పరిశోధనకు విషయం దొరకడం లేదని కొందరు అంటుంటారు. తమ ఊరి బ్యాంకు కౌంటరు దగ్గర, ఆసుపత్రి వరండాలో, కోర్టు చెట్టు కింద ఒక నెల కూర్చుని, ఏ కాగితం ఏ భాషలో ఉందో, ఏ నోట ఏ భాషలోకి మారుతోందో రాసుకుంటే చాలు. బ్రౌను దొర పరాయివాడై మన మాటలు ఏరి కచేరీ నిఘంటువు కట్టాడు. మన పిల్లలు మనవాళ్ళ కోసం కౌంటరు నిఘంటువు ఒకటి కట్టలేరా?