నిజాము రాజ్యము – యథాస్థితి యొడంబడిక

సికింద్రాబాదు పట్టణము సంధివలన పుట్టినది. 1798వ సంవత్సరమున నిజాము ప్రభువు ఈస్టిండియా కంపెనీవారితో సైన్యసహాయసంధి చేసికొనుటయు, దాని ననుసరించి వచ్చిన పటాలములు హుస్సేనుసాగరమున కుత్తరమున విడియుటయు, 1806లో ఆ దండునకు మూడవ నిజామగు సికందరుజాహు పేర నామకరణ మగుటయు చరిత్రజ్ఞు లెఱిగినవే. ఆ దండు నూటయేబది యేండ్లకు దగ్గఱగా హైదరాబాదునకు రక్షయు, అంకుశమును అయి యుండెను. 1926లో ఏడవ నిజాము మీర్ ఉస్మానలీఖాను బేరారు విషయమున ఆంగ్లప్రభుత్వముతో సమానుడై వాదింపబూనగా, వైస్రాయి రీడింగు ప్రభువు ఆంగ్ల సార్వభౌమత్వము సంధులవలన మాత్రమే కాక స్వతస్సిద్ధముగ నున్నదని ప్రత్యుత్తరమిచ్చెను. ఇరువదియొక సంవత్సరముల తరువాత ఆ సార్వభౌమత్వమే తొలగిపోవు దినము వచ్చెను.

1947 జూనులో నిజాము ఫర్మానా వెలువరించి, భారత పాకిస్థాన రాజ్యాంగసభలలో దేనికిని తాను ప్రతినిధులను బంపననియు, ఆంగ్లేయులు తొలగినంతనే స్వతంత్రప్రభుత్వము తనకు మరల సంక్రమించుననియు ప్రకటించెను. సంస్థానములపై సార్వభౌమత్వము లోపించునని ఆంగ్ల పార్లమెంటువారి భారత స్వాతంత్ర్యశాసనము చెప్పుటయే దీనికి ఆధారము. వివాదమంతయు ఈ లోపమను మాటను గూర్చినదే. శాబ్దికుల మతమున లోపమనగా కనబడకుండుట. ప్రత్యయము లోపించినను తన్నిమిత్తకమైన కార్యము జరుగవచ్చును. లుక్కు మొదలగు పేళ్లతో లోపించినచో మాత్రము అంగకార్యము నిలువదు. ఢిల్లీవారిది మొదటి పక్షము: ఆంగ్లేయులు పోయినను దేశమధ్యముననున్న సంస్థానమునకు రక్షణ, విదేశవ్యవహారము, రైళ్లు, తపాలా అను బంధములు పోవనిరి. నిజాముది రెండవ పక్షము. నాలుగుదిక్కుల భారతభూమియే యుండి, సముద్రతీరము లేని 82 వేల చదరపు మైళ్ల రాజ్యమునకు, 1941 జనగణన ప్రకారము కోటి అఱువదిమూడు లక్షల ప్రజకు, ఈ వ్యాఖ్యానము పొసగించుట కష్టము.

పిమ్మట జరిగిన యనర్థమునకు ఢిల్లీవారి పట్టుదలనో, నిజాము దురాశనో దూషించుట పరిపాటి. ఆ సంవత్సరపు అక్టోబరు వృత్తాంతమును పరిశీలించినచో మఱొకటి కానవచ్చును. హైదరాబాదు పక్షమున మాట యిచ్చి నిలుపుకొనగల యధికారి యొక్కడును ఆ రాజ్యమున లేకుండెను. ప్రధానమంత్రి ఛత్తారీ నవాబును, న్యాయవాది సర్ వాల్టరు మాంక్టనును, సర్ సుల్తాను అహమ్మదును పలుమారులు ఢిల్లీకి పోయి యొక ముసాయిదాను కుదుర్చుకొని వచ్చిరి. సమాఖ్యలో చేరుట అందులో లేదు. పూర్వపు టేర్పాటులు ఒక సంవత్సరముపాటు యథాస్థితిని సాగవలెనని మాత్రమే యుండెను. నిజాము మంత్రాంగసభ మూడుదినములు చర్చించి, ఆఱుగురు అనుకూలురును ముగ్గురు ప్రతికూలురును కాగా, దీనిని అంగీకరించెను. అక్టోబరు 25న నిజామును సమ్మతించెను. సంతకము మాత్రము వాయిదా వేసెను. 27వ తేదీ తెల్లవారకమునుపే మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీను సంస్థవారు సమకూర్చిన వేలకొలది జనులు ఆ మువ్వురి నివాసములను చుట్టుముట్టిరి. దూతలు ఢిల్లీకి పయనము కాజాలరైరి. నగర రక్షకభటులు కదలలేదు. తుదకు సైన్యము వచ్చి వారిని సురక్షితస్థానమునకు చేర్చెను. తన ప్రధానమంత్రి యింటిని గుంపులు ముట్టడించినను, ఏలినవారు గుంపును దండింపక, గుంపును నడిపించిన లాతూరు వకీలు ఖాసిం రజ్వీని పిలిపించి యాతని సలహా వినిరి. కాశ్మీరమున చిక్కుకొన్న ఢిల్లీవారు ఇకమీద లొంగివత్తురని రజ్వీ బోధ. మువ్వురును రాజీనామా లిచ్చిరి.

మొయిన్ నవాజ్ జంగు మున్నగు క్రొత్త దూతలు ఢిల్లీకి పోయి నెలదినములు వాదించిరి. ఢిల్లీవారు వంగలేదు. నవంబరు 29న నిజాము చేవ్రాలు చేసిన యొడంబడిక, తాను తిరస్కరించిన పత్రమే యనదగును. పత్రము మాఱలేదు గాని ప్రభుత్వము మాఱెను: ఛత్తారీ స్థానమున, రజ్వీకి సమ్మతుడైన మీర్ లాయఖలీ ప్రధానమంత్రి యయ్యెను. ఒడంబడికతోపాటు నడచిన లేఖల ననుసరించి భారతసేన సికింద్రాబాదు దండును విడిచిపోయెను. 1798 నాటి సంధి గురుతు అట్లు చెఱగెను.

ప్రతిపక్షమునను ఐకమత్యము లేదు. ఆంధ్రమహాసభ 1944లో భువనగిరియందే రెండుగా చీలెను. స్టేటుకాంగ్రెసున స్వామి రామానందతీర్థ వర్గము, బూర్గుల రామకృష్ణారావు వర్గము వేఱువేఱుగ నడచెను. ఇంతలో సంస్థానమున భారతనాణెమునకు చెలామణి నిషేధించుటయు, పాకిస్థానమునకు ఇరువదికోట్ల రూపాయల భారతప్రభుత్వ ఋణపత్రము లిచ్చుటయు తటస్థించెను. గ్రామములలో రజాకారుల దౌర్జన్యము హెచ్చెను. దీనికి రోసి జె.వి.జోషి మంత్రిపదవిని విడిచెను. సమాఖ్యలో చేరుట మేలని వ్రాసిన ఇమ్రోజు పత్రికాసంపాదకుడు షోయబుల్లాఖాను 1948 ఆగస్టులో హైదరాబాదు వీధిలో హతుడయ్యెను.

ఆ మాసముననే నిజాము ప్రభుత్వము ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసెను. సెప్టెంబరు 13న భారతసేన ప్రవేశించెను. 16న పారిసులో భద్రతామండలి ఫిర్యాదును చర్చకు గైకొనెను. మఱునాడు నిజాము లొంగిపోయెను. 22న ఫిర్యాదును ఉపసంహరించుకొంటినని తంతి పంపెను. మంత్రుల కలహములకు వెల చెల్లించినవారు ప్రజలు. రజాకారుల చేత చచ్చినవారి నటుంచి, సేనాప్రవేశకాలమునను తరువాతను హతులైనవారు, అందు ముస్లిములే యధికులు, తక్కువ లెక్కకు 27 వేలనుండి 40 వేలవరకు నుందురని ప్రభుత్వము నియమించిన పండిత సుందరలాలు సంఘము అంచనా వేసెను. ఆ నివేదిక బహుకాలము మఱుగున నుండెను.

మొయిన్ నవాజ్ జంగు సెప్టెంబరు 20న, అనగా లొంగుబాటు జరిగిన మూడవదినమున, లండను బ్యాంకిలోని నిజాము ప్రభుత్వధనము 10,07,940 పౌనులను పాకిస్థాన హైకమిషనరు పేర మార్పించెను. అందుకు తన యనుమతి లేదని నిజాము కొలదిదినములలోనే తెలిపెను. బ్యాంకివారు సొమ్మును ఎవరికిని ఇయ్యక నిలిపివేసిరి. అది వడ్డీతో మూడున్నర కోట్ల పౌనులుగా పెరిగినపిదప, 2019 అక్టోబరు 2న లండను ఉన్నతన్యాయస్థానము పాకిస్థానపు హక్కును త్రోసిపుచ్చి, భారతప్రభుత్వమునకును నిజాము వారసులకును అనుకూలముగ తీర్పు చెప్పెను.