ఖాళీ నేల లెక్కలు

డెన్వర్ నుంచి ఒమాహాకి కార్లో వెళ్తున్నామని చెబితే ఇక్కడి మనవాళ్లు చెప్పే జాగ్రత్తలు మూడే. ట్యాంకు నింపుకో, పాటలు ముందే డౌన్‌లోడ్ చేసుకో, పులిహోర కట్టుకో. దారిలో ఏమీ ఉండదు. ఆ "ఏమీ ఉండదు" అనే మాట గురించే ఈ వ్యాసం. ఏమీ లేకపోవడానికి కూడా ఒక చరిత్ర ఉంటుంది. నెబ్రాస్కాలో ఆ చరిత్రకి తేదీలున్నాయి, చట్టాలున్నాయి, ఎకరాల లెక్కలున్నాయి.

ఐ-80 మీద పోతే ఆ ఖాళీ సరిగ్గా తెలీదు. ట్రక్కులు, గ్యాస్ స్టేషన్లు, బర్గర్ బోర్డులు ఏవో ఒకటి కనిపిస్తూనే ఉంటాయి. నార్త్ ప్లాట్ ఊరి దగ్గర హైవే దిగి 97వ నంబరు రోడ్డు పట్టుకుని ఉత్తరానికి తిరగాలి. కాసేపటికి మొక్కజొన్న చేలు ఆగిపోయి గడ్డి మొదలవుతుంది. కింద ఉన్నదంతా ఇసుక. గడ్డి వేర్లు పట్టుకుని ఉండబట్టి దిబ్బలు కదలకుండా ఉన్నాయి. శాండ్‌హిల్స్ అంటారు. దాదాపు 20,000 చదరపు మైళ్లు. ట్రయాన్ అనే ఊరు దాకా వెళ్లి, అక్కడ 92వ నంబరు రోడ్డు మీద పడమటికి తిరిగితే ఆర్థర్ వస్తుంది. నేను వెళ్లినప్పుడు ఈ రెండు ఊళ్ల మధ్య ఎదురైనవి మూడు పికప్ ట్రక్కులు. నడిపేవాళ్లు ముగ్గురూ స్టీరింగ్ మీంచి ఒక వేలెత్తి పలకరించారు.

ట్రయాన్, ఆర్థర్ రెండూ రెండు కౌంటీలకి ముఖ్యపట్టణాలు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఆ కౌంటీల్లో ఏ ఒక్కదాంట్లోనూ 500 మంది లేరు. 1920లో మాత్రం రెండింట్లోనూ వెయ్యికి పైనే ఉన్నారు. అంటే ఇది ఎవరూ రాని చోటు కాదు. వచ్చినవాళ్లు వెళ్లిపోయిన చోటు. వాళ్లకంటే ముందు ఉన్నవాళ్లని వెళ్లగొట్టిన చోటు కూడా.

మొదటిసారి ఖాళీ చేసిన కథ 1868 ఫోర్ట్ లారమీ ఒప్పందంలో ఉంది. నార్త్ ప్లాట్ నదికి ఉత్తరాన, అంటే సరిగ్గా ఈ వైపు నేల మీద, లకోటాలకి వేటాడే హక్కు ఉంటుందని అమెరికా ప్రభుత్వం రాసిచ్చింది. ఒక షరతు పెట్టింది: వేటకి సరిపడా బైసన్లు తిరుగుతున్నంత కాలమే. ప్రోగ్రాములు రాసేవాళ్లకి ఇది బాగా తెలిసిన సంగతి, వైల్ లూప్. షరతు తప్పయిన క్షణాన లూప్ ఆగిపోతుంది. ఆ షరతుని తప్పు చేసే పని తోళ్ల వ్యాపారులూ రైళ్లూ చేసిపెట్టాయి, సైన్యం చూస్తూ సంతోషించింది. కోట్లలో ఉన్న బైసన్లు 1880ల చివరికి వందల్లోకి వచ్చాయి. ఈలోపు బ్లాక్ హిల్స్‌లో బంగారం బయటపడింది. 1877లో ఆ కొండల్ని లాక్కున్న చట్టమే వేట హక్కునీ రద్దు చేసింది. 1980లో అమెరికా సుప్రీంకోర్టు ఆ కొండలకి పరిహారం ఇవ్వాల్సిందేనని, వడ్డీతో కలిపి 10 కోట్ల డాలర్లకి పైగా ఖరారు చేసింది. లకోటాలు ఇప్పటికీ ఆ డబ్బు ముట్టుకోలేదు. నేల అమ్మలేదు కాబట్టి వెల తీసుకోమంటారు వాళ్లు.

మనుషుల్ని తీసేశాక గళ్లు గీశారు. 1785 చట్టంతో మొదలైన సర్వే పద్ధతి ఇది: ఆరు మైళ్ల చదరం ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. కొలిచింది 66 అడుగుల గొలుసుతో. పది చదరపు గొలుసులు ఒక ఎకరం; మన పట్టాదారు పాసుపుస్తకంలో ఉండే ఎకరమూ అదే. అయితే గళ్లు బల్లపరుపు, భూమి గుండ్రం. అందుకని తూర్పు నెబ్రాస్కాలో నిటారుగా ఉత్తరానికి పోయే మట్టిరోడ్డు ఒక్కోచోట ఉన్నట్టుండి పక్కకి జరిగి మళ్లీ తిన్నగా పోతుంది. ఎందుకా వంపు అంటే, అక్కడ సర్వేయరు లెక్క సరిచేసుకున్నాడు. శాండ్‌హిల్స్‌లో ఆ గళ్లు దస్తావేజుల్లో మాత్రమే ఉన్నాయి. రోడ్డు దిబ్బలు చెప్పినట్టు తిరుగుతుంది.

గుండ్రానికి లెక్క సరిచేశారు గానీ వానకి సరిచేయలేదు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం, ఐదేళ్లు కాపురముండి సాగు చేసినవాళ్లకి 160 ఎకరాలిచ్చింది. తడి నేలలో ఒక కుటుంబానికి అది బంగారం. కానీ కొజాడ్ అనే ఊరి మీదుగా పోయే 100వ రేఖాంశం దాటితే వాన తగ్గిపోతుంది. జాన్ వెస్లీ పావెల్ 1878 నివేదికలో ఈ మాటే రాశాడు. పడమటి మేత భూముల్లో ఒక కుటుంబం బతకాలంటే 2,560 ఎకరాలు కావాలన్నాడు. ఎవరూ వినలేదు. దున్నుకుంటూ పోతే నాగలి వెనకాలే వాన వస్తుందని నమ్మే రోజులవి. 26 ఏళ్ల తర్వాత, 1904లో, కింకేడ్ చట్టం పశ్చిమ నెబ్రాస్కాలో 640 ఎకరాలిచ్చింది. పావెల్ అడిగినదాంట్లో సరిగ్గా నాలుగోవంతు.

జనం వచ్చారు. కలప లేక మట్టిగడ్డలు కోసి ఇళ్లు కట్టుకున్నారు. ఆర్థర్‌లో 1928లో గడ్డి మోపులు పేర్చి కట్టిన చర్చి ఇప్పటికీ నిలబడి ఉంది. కానీ దున్నిన చోట గడ్డి వేరు తెగింది, ఇసుక లేచింది. చాలామంది పక్కనున్న పశువుల ఆసామికి అమ్మేసి వెళ్లిపోయారు. తర్వాత యంత్రాలొచ్చాయి, వేల ఎకరాలకి నలుగురు మనుషులు చాలన్నాయి.

ఈ రెండు ఖాళీలనీ ఒకే గాటన కట్టలేం. రెండోసారి వెళ్లినవాళ్ల చేతిలో అమ్ముకోడానికి ఒక కాగితం ఉంది. మొదటివాళ్ల దగ్గరా కాగితం ఉంది, దాన్ని రాసిచ్చినవాళ్లే చించారు.

1987లో ఫ్రాంక్, డెబొరా పాపర్ అనే ఇద్దరు న్యూజెర్సీ పరిశోధకులు, జనం తరిగిపోతున్న ఈ మైదానాల్ని మళ్లీ బైసన్లకి వదిలేద్దామని ప్రతిపాదించారు. ఇక్కడి రైతులకి ఒళ్లు మండింది. మండదా మరి? వందేళ్లుగా అక్కడే పుట్టి పెరుగుతున్నవాళ్లని లేనట్టే లెక్కేస్తే! అదే మంట లకోటాలది ఇంకో వందేళ్లు పాతది. వాళ్లు తమ రిజర్వేషన్లలో ఇప్పుడు బైసన్ మందల్ని మళ్లీ పెంచుకుంటున్నారు.

మన రెవెన్యూ రికార్డుల్లో "బంజరు" అనే మాట ఉంది. అక్కడ సాగు లేదని మాత్రమే అది చెప్తుంది. ఎవరి మేకలు మేస్తున్నాయో, ఎవరు పుల్లలు ఏరుకుంటున్నారో చెప్పదు. "ఖాళీ" కూడా అలాంటి మాటే. మ్యాపులో ఎక్కడైనా తెల్లగా ఒక చోటు కనిపిస్తే, అక్కడ ఏముందని కాదు, ఆ మాట ఎవరు రాశారని ముందు అడగాలి.